లేనివాటి హాజరు

బుధవారం బుధవారం బిక్షం గొంతులో లేనివాటికి హాజరు పిలుస్తారు.

ఆ బుధవారం కూడా ఆయన పోయి స్టూలు మీద కూర్చున్నాడు. మెడకు కట్టుకున్న పలచటి తడిగుడ్డ విప్పి, మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. అంగీ పై గుండీలు తీశాడు. మెడ కింద, రెండు ఎముకలు కలిసే గుంటలో, రూపాయి బిళ్లంత రంధ్రం. ఊపిరి పోయేదీ వచ్చేదీ దాంట్లోంచే. మొదటి వారం ముందు బెంచీ పిల్లలు తలలు తిప్పుకున్నారు. ఇప్పుడు అలవాటు పడ్డారు. ఒకడు బిస్కెట్ నములుతూనే చూస్తున్నాడు.

శశిభూషణ్ సారు పెన్నుకు మూత పెట్టి, కొసతో చూపించడం మొదలుపెట్టాడు. పెన్ను చర్మానికి తగలదు. తగలకుండా చూపించడమే మర్యాద అని ఆయన లెక్క.

"హయాయిడ్ బోన్?"

"ఆబ్సెంట్ సార్," అన్నది క్లాసు.

"థైరాయిడ్ కార్టిలేజ్?"

"ఆబ్సెంట్ సార్."

"క్రైకాయిడ్?"

"ఆబ్సెంట్ సార్."

"వోకల్ ఫోల్డ్స్?"

"ఆబ్సెంట్ సార్."

నాలుక మొదట్లో ఉండాల్సిన ఎముక, గొంతు ముందు డాలులా నిలబడాల్సిన గట్టి పలక, దాని కింది ఉంగరం, మాట పుట్టే రెండు పొరలు, మెతుకు గాలిగొట్టంలోకి జారకుండా కాసే మూత. ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలిచి, లేదనిపించి, ముందుకు పోయారు. బడికి రాని పిల్లల పేర్ల పక్కన పంతులు గీతలు పెట్టుకుంటూ పోయినట్టు. ఉన్నవాటి గురించి ఎవరూ అడగలేదు. బిక్షానికి నాలుక ఉంది. పెదవులున్నాయి. ఒక్కటి తప్ప పళ్లన్నీ ఉన్నాయి. చెవులు గోడ అవతలి మాట కూడా పట్టుకుంటాయి.

కాలేజీలో ఆ విభాగంలో పిల్లలకు మాట గురించీ వినికిడి గురించీ నేర్పుతారు. నాలుగేళ్లు చదివి బయటికొచ్చి, మాట పోయినవాళ్లకు మాట, చెవి పోయినవాళ్లకు వినికిడి తెచ్చిపెట్టాలి. గది నిండా బొమ్మలే. నిలువునా రెండు ముక్కలు చేసిన ప్లాస్టిక్ తల ఒకటి. పిల్లలు విడదీసి మళ్లీ బిగించే పెద్ద చెవి ఒకటి. ఆ రెండింటి నడుమ, అద్దాల బీరువాలో, తాళం లోపల, టార్చిలైటంత నల్లటి యంత్రం.

అటెండర్ ప్రేమ్ కుమార్ నడుముకు వేలాడే తాళంచెవితో బీరువా తీసి యంత్రాన్ని సారు చేతిలో పెట్టాడు. దానికొక కొసన గుండ్రటి బిళ్ల, పక్కన బొత్తం. బిళ్లను మెడకు ఆనించి బొత్తం నొక్కితే రొద పుడుతుంది. ఆ రొదను పట్టుకుని పెదవులూ నాలుకా కదిలిస్తే మాటవుతుంది. పిండిగిర్నీలోంచి ఎవరో మాట్లాడినట్టుంటుంది గానీ, మాటే.

సారు బిళ్లను బిక్షం గడ్డం కింద సరిగ్గా నడిమధ్యన పెట్టాడు. పుస్తకంలో బొమ్మ అక్కడే ఉంది. క్యాన్సర్‌కు కరెంటు పెట్టి కాల్చిన మెడ అక్కడ కొయ్యలా బిగుసుకుపోయింది. రొద లోపలికి పోదు. ఒకసారి సారు చెయ్యి జారి ఎడమ దవడ కిందికి పోయినప్పుడు మాట గంట కొట్టినట్టు మోగింది. సారు చూసుకుని బిళ్లను మళ్లీ నడుమకే తెచ్చాడు.

"ఆ అనండి పెద్దాయనా."

బిక్షం ఆ అన్నాడు. ఈ అన్నాడు. ఊ అన్నాడు. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు, మెడ దగ్గర ఏదో చల్లగా జిగటగా అంటుకుంటే, కళ్లు కిందికి దించి చూశాడు. యంత్రం ఒంటి మీద తెల్ల రంగుతో అంకెలు రాసి ఉన్నాయి. విభాగంలో కుర్చీల వెనక, ఫ్యాన్ల రెక్కల మీద, బీరువా తలుపు మీద రాసినట్టే. రంగు ఇంకా ఆరలేదు.

పది అయిపోయింది. బొత్తం మీద సారు వేలు ఇంకా ఉంది. బిక్షం ఆగలేదు.

"సార్, గిది నా మి..."

వేలు లేచింది. పెదవులు మిగిలిన మాటను పూర్తి చేశాయి గానీ చప్పుడు లేదు. గొంతు బిక్షంది, బొత్తం సారుది.

"చాలు పెద్దాయనా, బ్యాటరీ దిగిపోతుంది," అన్నాడు సారు. పిల్లల వైపు తిరిగి, పెద్దాయనకు చప్పట్లు కొట్టమన్నాడు. కొట్టారు. ప్రేమ్ కుమార్ యంత్రాన్ని తీసుకుపోయి తలకూ చెవికీ నడుమ పెట్టి తాళం వేశాడు.

బిక్షం గుండీలు పెట్టుకున్నాడు. ఆయన వీపు వెనక గోడ మీద ఆయన ఫొటోనే ఉంది. ఎండాకాలంలో సికింద్రాబాద్ నుంచి ఒక ట్రస్టువాళ్లు బ్యానరు కట్టి, మాట పోయిన పేదవాడికి యంత్రం దానం చేసిన రోజుది. ఆయన మెడలో బంతిపూల దండ, చేతుల్లో పెట్టె, పక్కన సారు నవ్వు. దండలోని పుప్పొడి రంధ్రంలోకి పోయి బిక్షం దగ్గుతుంటే, ఆగి మళ్లీ తీయాల్సి వచ్చింది. పెట్టె ఆయన చేతుల్లో ఉన్నది ఆ కాసేపే. సెట్టింగ్ చెయ్యాలని ప్రేమ్ కుమార్ తీసుకుపోయాడు. ఆ సెట్టింగ్ వానలు వెనకపడ్డా అవుతూనే ఉంది. మధ్యలో ఒకసారి బిక్షం చీటీ రాసి ఇస్తే సారు చదివి, భుజం తట్టి, చీటీని జేబులో పెట్టుకున్నాడు. ఇక్కడుంటే ఎంతోమంది పిల్లలు నేర్చుకుంటారు పెద్దాయనా, ఇంటికి పోతే మీ ఒక్కరికే కదా అన్నాడు. రాసిన మాటను జేబులో పెట్టుకోవచ్చు. ఆ సౌకర్యం నోటి మాటకు లేదు. అందుకే కాబోలు బొత్తం ఎప్పుడూ సారు చేతిలోనే ఉంటుంది.

*

తార్నాకలో బస్సెక్కాడు. సీట్లో కూర్చుని పాత కండక్టరు పాసు చూపించాడు. కండక్టరమ్మ ఎక్కడికని అడిగింది. బిక్షం పెదవులతో లాలాపేట్ అన్నాడు. ఆమె మెడ గుడ్డ చూసింది, పెదవులు చూసింది, వంగి చెవి దగ్గర అరిచింది.

"ఏడికీ... తాతా... ఏడికీ?"

బస్సంతా తిరిగి చూసింది. మాట రానివాడికి చెవులు కూడా వినపడవనే లోకం అనుకుంటుంది. ఇదే రూట్లో ఆయన టికెట్లు కొట్టిన కాలంలో, మెట్టుగూడ నుంచి మల్కాజ్‌గిరి దాకా ఆయన గొంతు వెనక తలుపు నుంచి డ్రైవరు దాకా పోయేది. అరవడు, మోగుతుంది. నిద్రపోయే ముసలివాళ్లు కూడా వాళ్ల స్టాపు పేరుకు లేచి కూర్చునేవాళ్లు. ఇప్పుడు బిక్షం వేలితో కిటికీ బయటికి చూపించాడు. ఆమె సరేలెమ్మని ముందుకు పోయింది.

ఇంటికొచ్చేసరికి కోడలు వనజ కుక్కరు దించుతోంది. మామ మెడ మీద తెల్లటి మరక చూసి, ఇదేంది మామా, సున్నమా అని కొబ్బరినూనె తెచ్చి తుడిచింది. చెడ్డ పిల్ల కాదు. బట్టలు కుట్టే షాపులో పొద్దంతా నిలబడి వస్తుంది. బిక్షం ఆమె చెయ్యి పట్టి ఆపి, మెల్లగా, ఒక్కో అక్షరానికి నోరు తెరిచి చెప్పాడు. నా మిషన్ మీద వాళ్ల నంబరు ఏసిండ్రు.

వనజ కళ్లు చిన్నవి చేసుకుని చూసింది.

"నీళ్లా మామా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అన్నం పెట్టాల్నా? ఇంక పప్పు కాలే."

మళ్లీ ఊపాడు.

"బాత్రూమ్‌ల లైటు పోయిందా?"

ఆయన చెయ్యి వదిలేశాడు. అడిగినవన్నీ కడుపుకు సంబంధించినవి, లేదంటే కడుపు కిందివి. గొంతు తీసేసినప్పటి నుంచీ ఈ ఇంట్లో ఆయనకు వేరే కోరిక ఉంటుందని ఎవరికీ తోచలేదు. భార్య బాలలక్ష్మి ఉన్నన్నాళ్లూ ఇట్లా లేదు. ఆమె బియ్యం ఏరుకుంటూ ఒక్కసారి తలెత్తి ఆయన పెదవులు చూసి, మాటను తన నోటితో బయటికి అనేది. ఆయన తిట్టు కూడా ఆమే అనేది, అని నవ్వేది. సంక్రాంతి ముందు ఆమె పోయింది. ఆమెతోపాటు ఆయన మాట రెండోసారి పోయింది. మొదటిసారి డాక్టర్లు చెప్పి తీసుకుపోయారు.

పొద్దుగూకినాక కొడుకు దిలీప్ వచ్చాడు. బిక్షం క్యాలెండరు కాగితం వెనక రాసి చూపించాడు. దిలీప్ హెల్మెట్ తీయకుండానే చదివాడు.

"ఇస్తరు నాయినా. ఫ్రీగ చూస్తుండ్రు గద. పెద్దోళ్లతోటి మనకెందుకు?"

కాగితాన్ని టీవీ మీద పెట్టి మొహం కడుక్కోవడానికి పోయాడు. కాసేపటికి ఫోన్లో ఎవరితోనో, ఊళ్లో పొలం హద్దు రాళ్ల సంగతి మాట్లాడుతూ, నాయిన ఒప్పుకుండు, నాయినదేమున్నది అన్నాడు. బిక్షం ఎదురుగానే కూర్చున్నాడు. ఆ రాళ్ల సంగతి ఆయన్ను ఎవరూ అడగలేదు. ఆయన చెంచాతో పళ్లెం మీద కొట్టాడు. గట్టిగా, మళ్లీ మళ్లీ.

"వనజా, నాయినకు అన్నం పెట్టు," అన్నాడు కొడుకు.

*

శుక్రవారం క్లినిక్ గదిలో మొదటి ఏడాది పిల్ల కృపారాణి ఎదురుచూస్తోంది. ఆ అమ్మాయిది జనగామ దిక్కు ఒక పల్లె. ఆఖరి కౌన్సెలింగ్‌లో సీటొచ్చిన పిల్ల కాబట్టి రోల్ నంబరు కూడా ఆఖరుదే. పెద్ద క్లాసు వాళ్లు బిక్షానికి గాలి మింగి, త్రేన్పులా వెనక్కి తెచ్చి, దాంతో మాట కట్టడం నేర్పుతుంటే, పక్కన కూర్చుని చూడటం ఆమె పని. ఆ రోజు పెద్ద క్లాసు వాళ్లెవరూ రాలేదు. మర్నాడు మొదటి ఏడాది వాళ్లకు ప్రాక్టికల్ పరీక్ష. గదులు సర్దడానికి అందరినీ పిలుచుకున్నారు.

కృపారాణి తనకు తెలిసినంత చేయించింది. నోరు మూసి, గాలిని అంగిట్లోకి నొక్కి, మింగి, వదలడం. బిక్షం ఎంత చేసినా ఒక్క "ప" మాత్రం వస్తుంది, అదీ కడుపులో బుడగ పగిలినట్టు. కాల్చిన గొంతుకు ఇంతకన్నా రాదని పెద్ద డాక్టరు ఎప్పుడో చెప్పాడు. యంత్రం ఒక్కటే దారి అని చెప్పింది కూడా ఆయనే.

బిక్షం నీళ్లు తాగి, గుడ్డ తడిపి, కట్టుకోబోతుంటే ఆమె అసలు సంగతి మొదలుపెట్టింది. రేపు బయటి కాలేజీ నుంచి మేడమ్ వస్తుంది. అందరూ తాత మెడ చూపించే చెప్పాలి. సారు ఇంకో కేసును పిలవలేదు. బొమ్మ మీద చెప్తే మార్కులు సగమే.

"మీరు రేపు తప్పక రావాలె తాతా. రాకుంటే మా బ్యాచ్ అంత ఆగమైతది."

బిక్షం ఆమె వైపు చూశాడు. బుధవారం బుధవారం ఆబ్సెంట్ సార్ అనే గొంతుల్లో ఈమెదీ ఉంది. కొంచెం సన్నగా, అందరికన్నా అర క్షణం వెనకగా. వెనకగా అన్నా అన్నట్టే. ఆ ముక్క ఆయన మర్చిపోలేదు, మర్చిపోదలుచుకోలేదు. రేపు లాలాపేట్‌లో మంచం మీద పడుకుని ఉంటే చాలు. సారు బయటి మేడమ్ ముందు ప్లాస్టిక్ తలతో నిలబడతాడు. అది చూడాలని ఆయనకు గట్టిగానే ఉంది. కానీ ప్లాస్టిక్ తలతో నిలబడేది సారు ఒక్కడే కాదు. వీళ్లు కూడా.

ఆయన కుడిచెయ్యి ఎత్తాడు. పిడికిలి పట్టి, ఎడమ దవడ కింద ఆనించుకున్నాడు. బొటనవేలితో లేని బొత్తాన్ని నొక్కాడు. తర్వాత ఆ చేతిని తెరిచి, అరచెయ్యి ఆమె ముందు పెట్టాడు.

కృపారాణికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తలుపు వైపు చూసింది.

"మీ చేతికే ఇయ్యాల్నా?"

ఆయన చెయ్యి తీయలేదు.

"సారు ఎవ్వరికి ఇయ్యొద్దన్నడు తాతా. పేషెంట్లు పడగొడతరట." ఆమె చున్నీ కొసను వేలికి చుట్టుకుంది, విప్పింది, చుట్టుకుంది. "ఇంటర్నల్ మార్కులు సారు చేతిల ఉంటయి. నాకు ఫెయిలయితే స్కాలర్‌షిప్ ఆగిపోతది."

బిక్షం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గుడ్డ కట్టుకుని లేచాడు. ఆమె ఇస్తానని అనలేదు, ఇవ్వనని అనలేదు. ఆయన వస్తానని అనలేదు, రానని అనలేదు.

*

శనివారం పొద్దున ఆయన తానే గడ్డం గీసుకున్నాడు. రంధ్రంలోకి నురగ పోకుండా తువ్వాలు మడిచి అడ్డం పెట్టుకుని, బాలలక్ష్మి పట్టుకునే అద్దాన్ని కిటికీ చువ్వకు ఆనించి, దవడ కింద ఎడమ పక్క నున్నగా వచ్చేదాకా గీశాడు. ఉతికిన అంగీ తొడుక్కున్నాడు. తడిగుడ్డ కట్టాడు. ఏదో పెళ్లికి పోతున్నట్టుంది మామా అన్నది వనజ.

బుధవారం క్లాసు జరిగే గదిలోనే పరీక్ష. పిల్లలు తెల్లకోట్లు వేసుకుని గోడవారన నిలబడ్డారు. రాజశ్రీ మేడమ్ బల్ల వెనక కూర్చుంది. నెమ్మదైన మనిషి. బిక్షానికి నమస్కారం పెట్టి, ఫ్యాన్ గాలి ఇబ్బందిగా ఉందా అని కూడా అడిగింది. జవాబు కోసం సారు వైపు చూసింది. లేదు మేడమ్, అలవాటే అన్నాడు సారు. పరీక్ష నడిచేటప్పుడు సారు కేసును ముట్టుకోకూడదని నియమం. ఆయన వెనక కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

ఒక్కొక్కరు వచ్చారు. పెన్ను కొస, గాలిలో గీత, హయాయిడ్, థైరాయిడ్, క్రైకాయిడ్. ఒక పిల్లవాడు భయానికి వరస తప్పాడు, చెమటలు పోసుకుని మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. అందరూ చివరికి యంత్రాన్ని గడ్డం కింద నడిమధ్యన పెట్టి బొత్తం నొక్కారు. బిక్షం ఆ అన్నాడు, ఈ అన్నాడు, ఊ అన్నాడు. ఒక్కసారి కూడా ఎదురు తిరగలేదు. బిళ్ల ఆనించలేక తడబడిన పిల్లలకు తానే మెడ ముందుకు చాపి ఆనించుకున్నాడు. వాళ్లతో ఆయనకు పేచీ లేదు. వాళ్లకు నేర్పినవాడితో ఉంది.

ఆఖరున కృపారాణి వచ్చింది. పెన్ను కొసతో చూపించింది. ఏది ఎక్కడ ఉండాలో, అది లేకపోతే ఏ పని ఆగిపోతుందో, తడుముకోకుండా చెప్పింది. మేడమ్ తలూపింది.

"ఇప్పుడు వాయిస్ చూపించు."

కృపారాణి బల్ల మీది యంత్రం తీసుకుంది. బిక్షం మెడ వైపు చెయ్యి చాచింది. చెయ్యి సగంలో ఆగింది. వెనక కుర్చీలో సారు కాలు కిందికి దించాడు. ఆమె అటు చూడలేదు. బిక్షం కుడిచేతిని పట్టుకుని, యంత్రాన్ని అరచేతిలో పెట్టి, ఆయన బొటనవేలిని బొత్తం మీదికి తెచ్చింది. తన చెయ్యి తీసేసింది.

"పేషెంట్‌కు ఎందుకిచ్చావ్?" అన్నది మేడమ్. కోపంగా కాదు, పరీక్షలో అడిగినట్టే.

"మాట్లాడేది ఆయన గద మేడమ్."

యంత్రం అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ఇన్ని వారాలు మెడ మీద ఆనిందే గానీ, బరువు ఎంతో ఆయనకు తెలియలేదు. మూడు రోజుల నుంచి కూడబెట్టుకున్న మాటలున్నాయి. దాంట్లో సగం తిట్లు. ఆయన బిళ్లను ఎడమ దవడ కింద, పొద్దున నున్నగా గీసిన చోట ఆనించాడు. తిట్లు పక్కకు పెట్టాడు. బొత్తం నొక్కాడు.

"మేడమ్. నా పేరు బిక్షం. గీ మిషన్ నాకిచ్చిండ్రు. గా గోడ మీది ఫొటోల ఉన్నది నేనే. ఫొటో దిగినంక గుంజుకున్నరు. ఇప్పుడు దీని మీద వాళ్ల నంబరు ఏసుకున్నరు. మీరన్న అడుగుండ్రి."

గదిలో ప్రతి ముక్కా విడివిడిగా వినిపించింది. గోడవారనున్న పిల్లలు ఫొటో వైపు చూశారు, ఆ తర్వాత నేల వైపు చూశారు. బిక్షం బొత్తం వదిలి, మేడమ్ మొహం చూశాడు.

మేడమ్ కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి విన్నది. కళ్లు తెరిచి నవ్వింది.

"వెరీ గుడ్. ప్లేస్‌మెంట్ చాలా బాగుంది. పకారం, బకారం తేడా కూడా తెలుస్తోంది. వాక్యం ఎక్కడా తెగలేదు." కృపారాణి వైపు తిరిగింది. "ఎంత వరకు అర్థమైందంటావమ్మా? రేటింగ్ ఎంతిస్తావ్?"

కృపారాణి బిక్షం వైపు చూసి చెప్పింది.

"మొత్తం అర్థమైంది మేడమ్."

"మొత్తమా? హండ్రెడ్ పర్సెంటా?"

"మొత్తం, మేడమ్. అందరికి అర్థమైంది."

మేడమ్ రాసుకుంది. వెనక నుంచి సారు, వీళ్లు కొంచెం ఎమోషనల్‌గా ఉంటారు మేడమ్, గొంతు పోయిన కేసుల్లో డిప్రెషన్ మామూలే కదా అన్నాడు. అవునవును, కౌన్సెలింగ్ కూడా పెట్టండి అన్నది మేడమ్. ఆమె కాగితాలు సర్దుకుంది. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. లేరన్నారు. సారు ఆమెను టీకి తీసుకుపోయాడు. పక్క గదిలో సమోసాలు తెప్పించి పెట్టారు.

బిక్షం స్టూలు మీద అలాగే ఉన్నాడు. కోపం కూడా వెంటనే రాలేదు. ఆయన చెప్పిన దాంట్లో పకారాలు విన్నారు, బకారాలు విన్నారు. ఏళ్ల తరబడి వినికిడి చదివినవాళ్లు, చదువు చెప్పేవాళ్లు. ఆయన ఏమన్నాడో ఒక్కరికీ అవసరం పడలేదు.

తడిగుడ్డ మెడకు చుట్టుకుని ముడేశాడు. గుండీలు పెట్టుకున్నాడు. యంత్రాన్ని అంగీ జేబులో వేసుకున్నాడు. అది పట్టక సగం బయటికే ఉంది. దాచుకోవాలని ఆయనకు తోచలేదు. గోడవారనున్న తెల్లకోట్ల ముందు నుంచి నడిచాడు. ఒక్కరూ కదల్లేదు. కృపారాణి ప్లాస్టిక్ తలను రెండు చేతులతో పట్టుకుని బీరువాలో పెడుతోంది. వెనక్కి తిరగలేదు.

తలుపు దగ్గర ప్రేమ్ కుమార్ తాళంచెవి పట్టుకుని, రెండో చెయ్యి చాచాడు. బిక్షం ఆ చేతిని చూసి, పక్కనుంచి దాటుకుని మెట్లు దిగాడు. కాకా ఏందో మజాక్ చేస్తుండని ప్రేమ్ కుమార్ నవ్వాడు. మెట్ల కిందికి వంగి చూసేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

*

క్యాంపస్ రోడ్డు వెంట చెట్ల నీడలో నడిచి, తార్నాక చౌరస్తాకు వచ్చాడు. బస్టాపు ఇనుప బెంచీ మీద కూర్చున్నాడు. రంధ్రంలోంచి ఊపిరి ఈల వేస్తున్నట్టు వస్తోంది. అది కుదురుకున్నాక యంత్రాన్ని జేబులోంచి తీశాడు. తెల్ల రంగు ఇప్పుడు గట్టిగా ఆరిపోయింది. బొటనవేలి గోరుతో మొదటి అంకెను గీకడం మొదలుపెట్టాడు. పొడి మోకాళ్ల మీద రాలింది.

మొదటి అంకె పోయేసరికి ప్రేమ్ కుమార్ స్కూటీ వచ్చి ఆగింది. దిగి, హెల్మెట్ తీసి, బెంచీ మీద పక్కన కూలబడ్డాడు.

"ఏం పనే కాకా ఇది? సారు మీదికీ కిందికీ ఎగురుతుండు. డిపార్ట్‌మెంట్ సామాను చోరీ అంటుండు, పోలీసు కంప్లైంట్ అంటుండు. మేడమ్ పోయేదాక ఆగిండు, ఇగ సూడు. నాకు మెమో ఇస్తడట."

బిక్షం రెండో అంకె మీదికి గోరు జరిపాడు. ప్రేమ్ కుమార్ ఆ గోరు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ అంకెలు రాసింది అతని చెయ్యే. ప్రతి బుధవారం తాళం తీసిన చెయ్యి, వేసిన చెయ్యి కూడా అదే. ఫొటో రోజున పెట్టెను ఇట్లియ్యి కాకా అని తీసుకున్న చెయ్యి కూడా అదే. దాని గురించి బిక్షం ఇప్పుడు కూడా ఏమీ మెత్తబడలేదు. జరిగి కూర్చోమని కూడా సైగ చేయలేదు.

ఒక బస్సు వచ్చి మనుషుల్ని దింపి, ఎక్కించుకుని పోయింది.

ప్రేమ్ కుమార్ ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాడు. చుట్టగా చుట్టిన నల్లటి తీగ తీసి బెంచీ మీద, ఇద్దరి నడుమ పెట్టాడు. చార్జరు.

"గిది లేకుంటే రేపటికి బంద్ అయితది," అన్నాడు. బిక్షం వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "రాత్రి పెట్టాలె, పొద్దున తియ్యాలె. మర్చిపోవద్దు."

బిక్షం చార్జరు తీసుకుని అంగీ జేబులో వేసుకున్నాడు.

ప్రేమ్ కుమార్ లేచాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. సారుకు జవాబు చెప్పాలి కదా. ఏం చెప్పాలో తనలో తాను కాసేపు గొణుక్కుని, తేల్చుకున్నాడు.

"నువ్వు లేవని చెప్తా కాకా. తార్నాకంత తిరిగిన, ఎక్కడ లేడని చెప్తా."

బిక్షం గీకడం ఆపాడు. బిళ్లను ఎడమ దవడ కింద ఆనించాడు. బస్టాపులో ఉన్నవాళ్లు రొదకు తిరిగి చూశారు. చూడనిచ్చాడు.

"లేడని చెప్పకు. ఉన్నడని చెప్పు. లాలాపేట్‌ల ఉంటడని చెప్పు." ఊపిరి తీసుకుని మళ్లీ నొక్కాడు. "సారును రమ్మను. కూసోని మాట్లాడుకుందం."

ప్రేమ్ కుమార్ హెల్మెట్ పెట్టుకున్నాడు. స్కూటీ తిప్పుకుని క్యాంపస్ వైపు పోయాడు.

లాలాపేట్ బస్సు వచ్చింది. కండక్టరు తలుపులోంచి వంగి ముసలాయన్ని చూసి, రమ్మని చెయ్యి ఊపాడు. బిక్షం తలెత్తలేదు. ఇంకా ఒక అంకె మిగిలి ఉంది.